మంచు కోటకి రమ్మన్న పాండా

“స్వెట్టర్ ఏది?” అని అడిగింది జమీలా.

గదిలో ఉన్నవాళ్ళెవరికీ ఆ ప్రశ్న అర్థం కాలేదు. మే నెల, మిట్టమధ్యాహ్నం. మార్టూరులో రోళ్ళు పగిలే ఎండ. పదేళ్ళ పిల్ల పొద్దుట్నించీ కనపడకుండా పోయిన ఇంట్లో, గుంటూరు నుంచి అప్పుడే వచ్చిన ఈ ప్రైవేటు డిటెక్టివ్ బీరువా తలుపు పట్టుకుని స్వెట్టర్ గురించి అడుగుతోంది.

“ఏ స్వెట్టరమ్మా?” అంది వెంకటేశ్వరమ్మ. తప్పిపోయిన తేజశ్రీకి తల్లి. ఏడ్చి ఏడ్చి ఆమె గొంతు బొంగురుపోయింది.

“గోడమీద ఆ ఫొటోలో మీ అమ్మాయి వేసుకున్న ఎర్రది. చలికాలం బట్టలన్నీ ఈ అరలోనే ఉన్నాయి. శాలువా ఉంది, మేజోళ్ళు ఉన్నాయి. స్వెట్టర్ లేదు. మంకీ క్యాపు కూడా లేదు.”

వెంకటేశ్వరమ్మ వచ్చి అరలో చెయ్యిపెట్టి వెతికింది. బట్టలన్నీ కిందికి లాగేసింది.

“నిన్న సాయంత్రం ఇక్కడే ఉందమ్మా. కలరా ఉండలు వేసి నేనే మడతపెట్టాను.”

“అయితే మీ అమ్మాయిని ఎవరూ ఇంట్లోంచి ఎత్తుకుపోలేదు. బాగా చలేసే చోటికి వెళ్తున్నానని ముందే తెలిసి, తనే తీసుకుని బయల్దేరింది.”

గుమ్మం దగ్గర ఎవరో నవ్వారు. ఎస్సై వీరాంజనేయులు.

“ఊటీ వెళ్ళుంటుందంటారా జమీలా గారూ?”

జమీలా వెనక్కి తిరిగింది. ఇద్దరూ ఒకే బ్యాచ్‌లో ట్రైనింగ్ అయినవాళ్ళు. ఆమె ఉద్యోగానికి రాజీనామా చేసి సొంతంగా ఏజెన్సీ పెట్టుకుంది. పెట్టిన ఏడాదే, అతను ముద్దాయిగా నిలబెట్టిన ఒక మనిషి నిర్దోషి అని కోర్టులో తేల్చింది. ఆ సంగతి వీరాంజనేయులు ఇప్పటికీ మర్చిపోలేదు.

“మీరు బీరువాలు వెతుకుతూ ఉండండి,” అన్నాడు. “నేను మనిషినే పట్టుకున్నా. ఆదాం అని ఆటోవాడు. పిల్లని రోజూ బడికి తీసుకెళ్ళేది వాడే. పొద్దున ఈ సందులోనే వాడి ఆటో ఆగుంది. సీటు కింద పిల్ల చెప్పు దొరికింది. స్టేషన్‌లో మావాళ్ళు మాట్లాడుతున్నారు. పొద్దుగూకేలోపు కక్కుతాడు.”

“ఒక్క చెప్పేనా?”

“ఒక్కటే.”

“చూడొచ్చా?”

అతను విసుగ్గా సైగ చేశాడు. కానిస్టేబుల్ పాలిథీన్ కవర్ తెచ్చి ఇచ్చాడు. గులాబీరంగు చెప్పు. పట్టీ తెగిపోయి ఉంది. జమీలా దాన్ని వెంకటేశ్వరమ్మకి చూపించింది.

“ఇదా! బడి ఆఖరి రోజున తెగిపోయిందండీ. ఒంటికాలి చెప్పుతో ఇంటికొచ్చింది. మర్నాడే కొత్తవి కొన్నాం.”

“ఆ కొత్తవి ఏవి?”

గుమ్మం పక్కన చెప్పుల స్టాండు దగ్గరికి అందరూ వెళ్ళి చూశారు. కొత్తవి లేవు.

“ఎస్సై గారూ, పిల్ల కొత్త చెప్పులేసుకుని వెళ్ళింది. పాత చెప్పు పట్టుకుని మీరు ఒక మనిషిని కొట్టిస్తున్నారు.”

“చెప్పు పాతదైనంత మాత్రాన వాడు మంచోడైపోడు,” అన్నాడు వీరాంజనేయులు. కానీ గొంతులో మొదటి బింకం లేదు.

జమీలా అతన్ని దాటుకుని వెనక గదిలోకి నడిచింది. చిన్న గది. కిటికీ, బల్ల, బల్లమీద కంప్యూటర్, కింద పెద్ద యూపీఎస్. బల్ల ముందు ఎత్తు కుర్చీ ఒకటి, దాని పక్కన ప్లాస్టిక్ స్టూలు ఒకటి. స్టూలు మీద బిస్కెట్ పొడి.

తేజశ్రీ తండ్రి యలమందయ్య ఆ గదిలోనే గోడకి ఆనుకుని కూర్చున్నాడు. గ్రానైట్ పాలిషింగ్ యూనిట్ నడిపే మనిషి, కూలీలు నలభైమందిని ఒక్క కేకతో కదిలించే మనిషి. కూతురు కూర్చునే కుర్చీ కేసి చూడలేక నేలచూపులు చూస్తున్నాడు.

“ఆ దరిద్రప్పెట్టె వద్దని మొత్తుకున్నానమ్మా,” అన్నాడు. “వింటేగా! ఇరవై నాలుగ్గంటలూ దాని ముందే. ఆ దీవి ఆటంట, ఆ బొమ్మలంట...”

“ఆ పెట్టె వచ్చాకే దానికి మాటొచ్చిందని మీరే కదా ఊరంతా చెప్పుకున్నారు!” వెంకటేశ్వరమ్మ గుమ్మంలోంచి అరిచింది. తర్వాత జమీలా వైపు తిరిగింది. “మా పిల్లకి నత్తమ్మా. క్లాసులో నవ్వుతారని నోరు తెరిచేది కాదు. ఆ ఆటలో నోటితో పన్లేదుగా, టైపు చేస్తే చాలు. ఎక్కడెక్కడి పిల్లలో స్నేహం చేశారు. ఇంగ్లీషు దానంతటదే వచ్చేసింది. మొన్న స్కూల్‌డేకి స్టేజీ ఎక్కి నాలుగు ముక్కలు మాట్లాడింది. నా బిడ్డకి మంచి చేస్తున్నాననే అనుకున్నా.”

“మంచే జరిగిందమ్మా,” అంది జమీలా. “అందుకే వాళ్ళు అక్కడికొస్తారు. పిల్లలు భయం లేకుండా మాట్లాడేది ఎక్కడో వాళ్ళకి మనకంటే బాగా తెలుసు.” స్టూలు కేసి చూపించింది. “ఇక్కడ కూర్చునేదెవరు?”

యలమందయ్య తలెత్తాడు. “మా తమ్ముడి కూతురు, శ్రీరమ్య. ఎనిమిదేళ్ళది. సెలవులని ఇక్కడే ఉంటోంది. పొద్దుట్నించీ మంచం దిగలేదు. జ్వరమని పడుకుంది.”

శ్రీరమ్యకి జ్వరం లేదు. జమీలా నుదుటి మీద చెయ్యి వేస్తే చల్లగా ఉంది. పిల్ల మాత్రం దుప్పటి గట్టిగా పట్టుకుని వణుకుతోంది. వీరాంజనేయులు వెనకాలే వచ్చి నిలబడ్డాడు.

“ఏమ్మా, మీ అక్క ఎక్కడికెళ్ళింది? చెప్పు, లేకపోతే...”

పిల్ల దుప్పటి తలమీదికి లాక్కుంది.

“మీరు బయట ఉండండి,” అంది జమీలా, అతని వైపు చూడకుండానే.

“నా కేసు ఇది.”

“అవునండీ. ఈ పిల్ల సాక్షి. ఖాకీ చూస్తే నోరు మూసుకునే సాక్షి. మీ ఇష్టం.”

అతను వరండాలోకి వెళ్ళిపోయాడు. జమీలా మంచం పక్కన నేలమీద కూర్చుంది. పిల్ల కాళ్ళమీద దుప్పటి సర్దింది. దుప్పటి కిందనుంచి చివరికి చిన్న గొంతు వచ్చింది.

“నేను చెప్పకూడదు.”

“చెప్పొద్దులే. ఎవరన్నారు చెప్పొద్దని?”

దుప్పటి ఇంకా బిగుసుకుంది.

“చెబితే ఏమవుతుందన్నారు?”

“అమ్మ చచ్చిపోద్దంట.”

 జమీలా గొంతు మారనివ్వలేదు.

“అయితే అస్సలు చెప్పొద్దు. ఆ ఆట ఎట్లా ఆడాలో నాకు రాదు. ఆడి చూపిస్తావా? ఆడటం చెప్పినట్టు కాదుగా.”

దుప్పటి కొంచెం జరిగింది. రెండు కళ్ళు ఆలోచించాయి. ఆడటం చెప్పడం కాదు అనుకున్నాయి కాబోలు, పిల్ల లేచింది.

తెరమీద నీలం సముద్రం, మధ్యలో పచ్చటి దీవి. జంతువుల బొమ్మలు గంతులేస్తున్నాయి. ఒక్కో బొమ్మ వెనక ఎక్కడో ఒక పిల్లో పిల్లాడో ఉన్నారు. తలమీద తెల్లబుడగల్లో మాటలు పుట్టి మాయమవుతున్నాయి. తేజశ్రీ పెంచుకున్న కుందేలుకి మెడలో రిబ్బను. శ్రీరమ్య దాన్ని తోటలోంచి, వంతెన మీదుగా, తెల్లగా మెరిసే ఒక కోట దగ్గరికి నడిపించింది.

“ఇదేంటి?”

“మంచు కోట. ఇక్కడికి రావాలంటే చాలా లెక్కలు చెయ్యాలి. అక్క అన్నీ చేసేసింది.” పిల్ల వేలు తలుపు పక్కన ఖాళీగా ఉన్న చోట ఆగింది. “పాండా ఇక్కడే నించునేది.”

“పాండా ఎవరు?”

“విజయవాడలో అక్క. పదకొండేళ్ళు. పాండాకి తెలుగొచ్చు. ఏబీసీడీల్లో తెలుగు రాసేది. అక్కకి నత్తంటే పాండా నాకూ నత్తేనంది.” శ్రీరమ్య గొంతు తగ్గించింది. “నిజం మంచు కోట చూపిస్తానంది. లోపలంతా ఎర్ర నిధి ఉంటదంట. స్వెట్టర్ తెచ్చుకోమంది.”

చెప్పేశానని అప్పుడు తెలిసింది పిల్లకి. రెండు చేతులతో నోరు మూసుకుంది. జమీలా ఆ చేతులు పట్టుకుంది.

“మీ అమ్మకేం కాదు. నేనున్నా కదా.”

అదే క్షణంలో ఫ్యాను ఆగిపోయింది. కరెంటు కోత. వరండాలో ఎవరో ఉస్సురన్నారు. యూపీఎస్ మీద కంప్యూటర్ మాత్రం ఆగలేదు. కుందేలు మంచు కోట ముందు అట్లాగే నిలబడి ఉంది.

“ఇప్పుడైతే పాండా కూడా పోయేది,” అంది శ్రీరమ్య, ఏదో అలవాటు మాటలా.

జమీలా మెల్లగా ఆమె వైపు వంగింది. “కరెంటు పోతే పాండా పోయేదా? ఎప్పుడూనా?”

“ఊఁ. మధ్యాహ్నం కోతప్పుడల్లా మనకి పోగానే తనూ మాయమయ్యేది. కాసేపటికి మళ్ళీ వచ్చేది.”

“మనకి కరెంటు వచ్చాక వచ్చేదా?”

“కాదు. మనకి రాకముందే.”

జమీలా లేచి నిలబడింది.

“యలమందయ్య గారూ! ఎస్సై గారూ! ఇటు రండి. ఈ పిల్లలతో మాట్లాడే పాండా విజయవాడలో లేదు. ఇక్కడ కరెంటు పోయినప్పుడే అక్కడా పోతోంది. అంటే మీ ఊరి లైను మీదే ఉంది. మనకి కరెంటు రాకముందే మళ్ళీ వస్తోందంటే, అక్కడ జనరేటర్ ఉంది. యూపీఎస్ లేదు. మీ లైను మీద జనరేటర్ ఎక్కడెక్కడుంది?”

“మా పాలిషింగ్ యూనిట్లన్నీ వేరే లైనమ్మా,” అన్నాడు యలమందయ్య. “ఊరి లైనంటే... నెట్ సెంటర్‌కుంది. వాడి దగ్గర యూపీఎస్ కూడా ఉంది. ఆసుపత్రికుంది, కానీ అక్కడ కంప్యూటర్ లేదు. తర్వాత హైవే పక్కన మిరపకాయల కోల్డ్...”

అక్కడ ఆగిపోయాడు. 

చలి. ఎర్ర నిధి. పైకప్పుదాకా పేర్చిన మిరపకాయ గోతాలు, టిక్కీలు.

“నా తల్లీ,” అన్నాడు. అంతే, చెప్పులు కూడా వేసుకోకుండా జీపు వైపు పరిగెత్తాడు.

వీరాంజనేయులు అడ్డంగా నిలబడ్డాడు. “ఏంటండీ ఇది? బొమ్మలాటలో ఎలుగుబంటి చెప్పిందని కోల్డ్ స్టోరేజి తలుపులు బద్దలు కొట్టాలా? అది ఎవరిదో తెలుసా? రేపు నా ఉద్యోగం...”

“వీరాంజనేయులూ!” జమీలా మొదటిసారి పేరు పెట్టి పిలిచింది. “నేను తప్పయితే నన్నే లోపలెయ్యి. కాయ రంగు పోకుండా ఉంచే చలి అది. ఆ చలిలో పదేళ్ళ పిల్ల, ఒక్క స్వెట్టర్ మీద, పొద్దుట్నించీ ఉంది. మనం ఇక్కడ నిలబడి వాదించుకుందామా?”

అతను ఆమె మొహంలోకి చూశాడు. తర్వాత టోపీ పెట్టుకున్నాడు. “అందరూ జీపెక్కండి,” అని కానిస్టేబుళ్ళ మీద అరిచాడు.

జమీలా వెళ్ళేముందు వెంకటేశ్వరమ్మ చేతిలో తన సెల్ నంబరున్న కార్డు పెట్టింది. “కంప్యూటర్ కట్టెయ్యొద్దు. పాండా వస్తే నాకు ఫోన్ చెయ్యండి. జవాబు మాత్రం ఇవ్వకండి.”

కోల్డ్ స్టోరేజి ఆఫీసులో ఒక్కడే ఉన్నాడు. కోటేష్. కంప్యూటర్ ఆపరేటర్. పాతికేళ్ళుంటాయి. బయట జనరేటర్ దడదడలాడుతోంది. పోలీసుల్ని చూసి అతను లేచిన తీరులోనే జమీలాకి సగం తెలిసిపోయింది. ఆశ్చర్యపోలేదు. ఎదురుచూస్తున్న వాడిలా లేచాడు.

“మేనేజర్‌గారు గుంటూరెళ్ళారండీ. తాళాలు ఆయన దగ్గరే. సీజను సరుకు నిండింది, రెండు వారాలుగా ఒక్క చాంబరూ తెరవలేదు.”

“తెరవలేదా?” అంది జమీలా. ఆమె అప్పటికే లోపలి నడవాలో ఉంది. వరసగా నాలుగు పెద్ద తలుపులు. నేలమీద ఎర్రటి కారపుదుమ్ము పరుచుకుని ఉంది, అడుగులు పడనట్టు నున్నగా. మూడో తలుపు ముందు మాత్రం ఆ దుమ్ము లేదు. ఎవరో చీపురు పెట్టి శుభ్రంగా ఊడ్చేశారు.

“తెరవని తలుపు ముందు ఎవరి కోసం ఊడ్చావయ్యా?”

కోటేష్ ఒక అడుగు వెనక్కి వేశాడు.  వీరాంజనేయులు అతని కాలర్ పట్టుకునేలోపే యలమందయ్య ఎక్కడినుంచో గడ్డపలుగు తెచ్చి తాళం మీద కొట్టాడు. మూడో దెబ్బకి తాళం ఊడింది.

తలుపు తెరుచుకోగానే చలి మొహాన కొట్టింది. వెనకే ఘాటు. అందరూ ఒక్కసారే దగ్గారు. లోపల చీకటి. టార్చిలైట్ వెలుగులో అంతస్తులంతస్తులుగా టిక్కీలు, వాటి మధ్య మనిషి పట్టీపట్టనంత సందులు.

“తేజా! తేజమ్మా!”

జవాబు లేదు.

యలమందయ్య మళ్ళీ పిలవబోతే జమీలా అతని భుజం నొక్కింది. “అందరూ దగ్గు బిగపట్టండి. ఒక్క నిమిషం.”

నిశ్శబ్దం. ఎక్కడో కూలింగ్ ఫ్యాన్ల హోరు. దాని కింద, చాలా లోపల, పిల్లిపిల్ల తుమ్మినంత చిన్న దగ్గు.

జమీలా పక్కకి తిరిగి సందులో దూరింది. గోతాలు మొహానికి రాసుకుంటున్నాయి, కళ్ళు మండి నీళ్ళు కారుతున్నాయి. చివర గోడవారన ఖాళీ గోనెసంచుల కుప్ప ఉంది. దాన్ని లాగింది. ఎర్ర స్వెట్టర్. మంకీ క్యాపు. పెదాలు నీలంగా ఉన్నాయి. కళ్ళు తెరిచే ఉన్నాయి గానీ, ముందు నిలబడ్డ మనిషిని చూసి కేక కూడా పెట్టలేకపోయింది. గోడలోకి ఇంకిపోవాలన్నట్టు వెనక్కి జరిగింది.

“మీ నాన్న వచ్చాడమ్మా. నాన్న బయటున్నాడు.”

“నా... నా... నా...” అంది తేజశ్రీ. ఆ మాట పూర్తిచెయ్యడానికి ఆమెకి చాలాసేపు పట్టింది. జమీలా ఆగింది. తొందరపెట్టలేదు. “నాన్నా,” అంది చివరికి.

ఎండలోకి తీసుకొచ్చాక యలమందయ్య కూతుర్ని ఒళ్ళో పెట్టుకుని, మండుతున్న సిమెంటు గచ్చు మీద కూర్చుని, చిన్న పిల్లాడిలా ఏడ్చాడు. అరచేతులు రుద్దుతున్నాడు, ముద్దులు పెడుతున్నాడు. ఆ మధ్యలోనే ఇంటికి ఫోన్ చేసి, “దొరికింది వెంకటేశ్వరమ్మా, తీసుకొస్తున్నాం,” అని మాత్రం చెప్పగలిగాడు.

వీరాంజనేయులు కాస్త దూరంగా వెళ్ళి స్టేషన్‌తో మాట్లాడాడు. “ఆ ఆదాంని వదిలెయ్యండి. మంచినీళ్ళిచ్చి, ఆసుపత్రికి తీసుకెళ్ళండి.” తిరిగొచ్చి జమీలా పక్కన నిలబడ్డాడు.   టోపీ తీసి చంకలో పెట్టుకున్నాడు.

ఆఫీసులో కోటేష్ చేతులకి బేడీలు పడ్డాయి. తల వంచుకుని కూర్చున్నాడు.

“పాండా నువ్వేనా?” అంది జమీలా.

“మధ్యాహ్నం పూట నేనండీ.”

“మిగతా పూట?”

“వాడు.”

“వాడెవడు?” వీరాంజనేయులు బల్ల మీద గుద్దాడు.

“చూళ్ళేదండీ, దేవుడి మీదొట్టు. కంప్యూటర్‌లోనే పరిచయం. ముందు ఆడపిల్లలా మాట్లాడాడు. నమ్మి మా చెల్లెలి ఫొటోలు చూపించాను. తర్వాత వాటిని ఏవేవో చేసి నాకే పంపించాడు. చెప్పినట్టు చెయ్యకపోతే ఊరంతా పంచుతానన్నాడు.” కోటేష్ ఏడుస్తున్నాడు. “పాండా పాస్‌వర్డ్ ఇచ్చి, ఈ ఊరి పిల్లలతో స్నేహం చెయ్యమన్నాడు. ఇవాళ పిల్లని తెచ్చి దాచమన్నాడు. చలికి చస్తుందండీ అన్నాను. గోనెలు కప్పు, పొద్దువాలాక నేనే వస్తానన్నాడు.”

“ఎక్కణ్ణించి వస్తాడు?”

“వచ్చేశాడేమోనండీ. హైవే మీద పోలీసు జీపులు ఎన్ని తిరుగుతున్నాయో పొద్దున ఫోన్‌లో వాడే నాకు చెప్పాడు.”

వీరాంజనేయులు కిటికీలోంచి హైవే కేసి చూశాడు. 

జమీలా సెల్ మోగింది. యలమందయ్య ఇంటి నంబరు.

“ఆంటీ,” శ్రీరమ్య గొంతు గుసగుసగా ఉంది. “పాండా వచ్చింది.”

జమీలా కోటేష్ చేతుల కేసి చూసింది. బేడీలు బల్లకాలికి కట్టి ఉన్నాయి. ఎదురుగా ఉన్న కంప్యూటర్ ఆపేసి ఉంది.

“ఇప్పుడే వచ్చిందా అమ్మా?”

“ఊఁ. అక్క దొరికిందా అని రాసింది. నేనేం రాయలేదు ఆంటీ. మళ్ళీ రాసింది. పోలీసులందరూ అటెళ్ళారుగా, ఇంట్లో నువ్వూ పెద్దమ్మేగా అంది.”

“రమ్యా, నే చెప్పేది విను.” జమీలా అప్పటికే మెట్లు దిగుతోంది. ఆమె మొహం చూసి వీరాంజనేయులు డ్రైవర్‌ని కేకేస్తూ పరిగెత్తాడు. “కంప్యూటర్ ముందునుంచి లే. పెద్దమ్మకి ఫోనివ్వు.”

“పెద్దమ్మ ఇక్కడ లేదు ఆంటీ.”

“ఏది?”

“అక్కని తీసుకొచ్చాం అని ఎవరో గేటు కొట్టారు. తియ్యడానికెళ్ళింది.”

“వద్దని చెప్పు! పెద్దమ్మా అని గట్టిగా అరువు!”

పిల్ల అరిచింది. ఆ అరుపు మీదుగా, ఫోన్‌లో, ఇనుప గేటు గడియ తీసిన చప్పుడు జమీలాకి స్పష్టంగా వినిపించింది.